మద్రాసు మిద్దెల కింద నాలుగు రోజులు

మొదటి రోజు: ముట్టుకాడు

పాత మద్రాసు ఇళ్ళు చూద్దామని వచ్చినవాళ్ళు తిన్నగా మైలాపూరు మాడవీధుల్లో దిగుతారు. మా సలహా వేరు. ముందు ఊరు దాటండి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం బస్సెక్కి ఓ పాతిక కిలోమీటర్లు పోతే ముట్టుకాడు వస్తుంది. మొదటి రోజు అక్కడి దక్షిణచిత్రలో గడపండి. ఊళ్ళో మిగిలిన పాత ఇళ్ళల్లో సంసారాలు నడుస్తున్నాయి. దూలం కొస గోడలో ఎలా కూర్చుందో, పెంకు కింద ఏం పరిచారో చూపించమని ఎవరి గడపా తొక్కలేం. ఇక్కడైతే ఎంతసేపు తలెత్తి నిలబడ్డా ఎవరూ ఏమనుకోరు. మంగళవారం మాత్రం సెలవు.

మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని 1996 డిసెంబరులో తెరిచింది. నాలుగు దక్షిణాది భాషల ప్రాంతాల ఇళ్ళూ ఉన్నాయి. కొన్నిటిని అసలు చోట విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఇల్లు విప్పడమంటే కొలతలతో బొమ్మ గీసి, ప్రతి కర్రకీ నంబరు వేసి, కట్టిన వరసకు ఎదురు వరసలో దించుకు రావడం. మొదట పెంకు, ఆ తరువాత వాసాలు, దూలాలు, స్తంభాలు, చివరికి ద్వారబంధాలు. కర్ర వస్తుంది, రాయి వస్తుంది, మట్టిగోడ రాదు. దాన్ని కొత్తగా పెట్టుకోవాల్సిందే. ఇలా తరలించిన ఇల్లు ఏదైనా సరే, తలుపు వయసు వేరు, పక్కనున్న గోడ వయసు వేరు అనుకుని చూడాలి.

మనవాళ్ళ వైపు రెండు రకాలు కనబడతాయి. పాత నల్లగొండ జిల్లా కొయ్యలగూడెం వైపు ఇక్కత్తు నేసేవాళ్ళ ఇల్లు ఒకటి, పాత విశాఖ జిల్లా హరిపురం తరహా చుట్టిళ్ళు రెండోది. చుట్టింటి దగ్గర ఎక్కువసేపు ఆగండి. గుండ్రటి మట్టిగోడకు మూల ఉండదు కాబట్టి తుఫాను గాలికి పట్టు దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. తాటాకు కప్పు చూరు దాదాపు నడుము ఎత్తుకు దిగుతుంది. వంగి లోపలికి పోవాల్సి వస్తుందని విసుక్కుంటారు గానీ, ఆ చూరే వాన చినుకును గోడకు తగలనివ్వదు. మట్టిగోడకు అడుగు తడిస్తే ఆయువు తీరినట్టే. లోపల కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక ఉంటుంది. పైన ఆకు అంటుకున్నా మంట కిందికి దిగడానికి కొంత సమయం పడుతుంది, సామాను బయటికి తెచ్చుకోవచ్చు.

తమిళ అగ్రహారం ఇంట్లో మాత్రం భాగాల వరస కంఠతా పట్టుకోండి. రేపటినుంచి ఊళ్ళో చూసేవి దీని తునకలే. వీధి అరుగు, గడప, సన్నటి నడవ, నడిమధ్య ఆకాశం కనబడే మండువా, దాని చుట్టూ వసారా, వెనక వంటిల్లు, పెరడు, బావి. మండువా నేల వసారా కన్నా అరడుగో అంతకంటే కాస్త ఎక్కువో పల్లంగా ఉంటుంది, ఒక మూలకు వాలు. ఆ మూల తూములోంచి వాననీరు నేల కిందుగా వీధికో పెరటికో పోతుంది. ఇల్లంతటికీ కీలకం ఆ తూమే. అది పూడుకుపోతే నీరు మండువాలో నిలిచి పునాదిలోకి దిగుతుంది. కర్ర స్తంభం కింద రాతి దిమ్మ పెట్టేది కూడా ఇందుకే. కర్ర కొస తడిస్తే చెదలు పైకి ఎక్కడానికి దారి వేసినట్టు.

రెండో రోజు: జార్జి టౌన్

మన్నడి మెట్రోలో దిగి నడవడం తేలిక. ఆదివారం పొద్దున్నే అయితే ఇంకా మేలు. మిగతా రోజుల్లో తోపుడుబళ్ళ మధ్య తలెత్తి మేడలు చూడటం ప్రాణం మీదికి వస్తుంది.

1639లో దామెర్ల నాయకులు ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోను చోటిచ్చాక కోటకు ఉత్తరంగా పెరిగిన పేట ఇది. 1911లో అయిదో జార్జి పేరు పెట్టేదాకా దొరలు దీన్ని బ్లాక్ టౌన్ అనేవారు. మనవాళ్ళు ఎప్పుడూ చెన్నపట్నమనే అన్నారు. కోమట్ల దుకాణాలు, నాయకర్ల పేర్లతో వీధులు, కన్యకాపరమేశ్వరి దేవస్థానం, కొత్వాల్ చావడి. ఆ చావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయినా పేరు పోలేదు.

ఈ వీధుల్లో ఇల్లు ఎదురుగా ఇరుకు, లోపలికి పొడుగు. రెండు పక్కలా పొరుగింటితో ఉమ్మడి గోడ. కిటికీ పెట్టడానికి చోటే లేదు, వెలుతురూ గాలీ మండువాలోంచే రావాలి. అందుకే ఇక్కడ ఇళ్ళు చెడేది మొదట మండువా దగ్గరే. అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ లేపుతారు, ఆకాశం సగమవుతుంది, తూము ఒక్కరి వాటాలోకి పోతుంది. రెండోవాళ్ళ వాన నీరు ఎటు పోవాలి? లేదంటే దొంగల భయంతో పైన ప్లాస్టిక్ రేకు పరుస్తారు. వేడిగాలి పైకి పోయే దారి మూసుకుపోయి, ఇల్లు మధ్యాహ్నానికల్లా ఉడుకుతుంది. ఊచల చట్రం వేసుకుంటే చాలు, రేకు అక్కర్లేదు. వేసి తీరాల్సి వస్తే చుట్టూ అడుగు ఎత్తున గాలి సందు వదలాలి.

పక్కిల్లు కూల్చేసిన చోటు దొరికితే అదృష్టమే. నిలబడ్డ ఉమ్మడి గోడ మీద పోయిన ఇంటి ఆనవాళ్ళన్నీ ఉంటాయి. చదరపు గుంటల వరసలు కనబడతాయి, అవి దంతెలు, అంటే మిద్దెను మోసే అడ్డకర్రలు, కూర్చున్న చోట్లు. గుంటకూ గుంటకూ మధ్య దూరం చూస్తే దంతెలు ఎంత దగ్గరగా వేశారో తెలుస్తుంది. వరసల మధ్య ఎత్తు చూస్తే గది ఎత్తు తెలుస్తుంది. మసి పట్టిన మేర వంటిల్లు. గూటి చుట్టూ నూనె మరకుంటే దీపం పెట్టేవారు. మిగిలినవాళ్ళు ఆ గుంటల్ని వెంటనే ఇటుకతో, సున్నంతో పూడ్చుకోవాలి. వదిలేస్తే ఒక్క ఈశాన్య రుతుపవనం చాలు. నీళ్ళు గుంటల్లోంచి గోడ గర్భంలోకి దిగి, అవతలి ఇంటి దంతెల కొసలు కుళ్ళుతాయి.

అరుగుల దగ్గర మెట్లు లెక్కపెట్టండి. మూడు నాలుగు మెట్లెక్కి చేరాల్సిన అరుగు ఇప్పుడు ఒక్క మెట్టు ఎత్తులో ఉందంటే, ఇల్లు కుంగలేదు, రోడ్డు లేచింది. పాత తారు గీకకుండా మీద మీద వేస్తూ పోవడం వల్ల వచ్చిన తంటా ఇది. వీధి నీళ్ళు గడప దాటి లోపలికి వస్తాయి, మండువా తూము వీధి కాలువ కన్నా కిందికి పోతుంది. ఇంట్లోవాళ్ళు నేల ఎత్తు పెంచుకుంటారు, దానితో స్తంభాల రాతి దిమ్మలు నేలలో కలిసిపోతాయి.

ఇక మనుషులు. అన్నాపిళ్ళై వీధి 165వ నంబరు ఇంట్లో 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములు పుట్టారు. కుటుంబం పడమటిపల్లె నుంచి వచ్చినది. పెరిగాక బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు చదివారు. మురుగు పోయే దారుల గురించి చదివినవాడు పుట్టింది ఇలాంటి తూముల వీధిలోనని ఇక్కడ నడుస్తుంటే అనిపించక మానదు.

బందర్ వీధిలో కోవూరు సుందరేశ మొదలియారు ఉండేవారు. త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడు బస చేసింది ఆయనింట్లోనే. స్వామి శిష్యుడు వీణ కుప్పయ్యర్ కాపురం కూడా దగ్గర్లోని ముత్యాలపేటలోనే. శైవ ముత్తయ్య మొదలి వీధిలో, పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరిన రోజుల్లో, శ్రీనివాస రామానుజన్ ఉన్నారు. రేవుకు నడిచి పోగలిగినంత దూరం. 1913 జనవరి 16న కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాసేటప్పటికి ఆయన ఆ కొలువులోనే ఉన్నారు. ఇప్పుడు ఈ వీధుల్లో చాలాచోట్ల అరుగుంటే షట్టరు, నడవ ఉంటే గోడౌను. మనుషుల బరువుకు కట్టిన మిద్దె మీద కాగితం బేళ్ళు, ఇనుప సామాను పేరిస్తే దంతెలు మధ్యలో కిందికి వంగుతాయి. గుమ్మంలోంచి కప్పు అడుగును చూస్తేనే ఆ వంపు తెలుస్తుంది.

మూడో రోజు: తిరువల్లిక్కేణి

బీచ్ స్టేషన్ నుంచి ఎం.ఆర్.టి.ఎస్. రైలెక్కి తిరువల్లిక్కేణి స్టేషన్‌లో దిగండి. పార్థసారథి కోవెల చుట్టూ ఉన్న వీధుల్లో మద్రాసు టెర్రస్, అంటే దంతెల మీద ఇటుకా సున్నంతో వేసిన మిద్దె, చూడాలి. చూడటానికి కష్టపడక్కర్లేదు, పాత ఇంటి గుమ్మం దగ్గర తలెత్తితే చాలు. దంతెల మధ్య సన్నటి ఇటుకలు ఐమూలగా, అంచు మీద నిలబెట్టి వరసలు తీరి ఉంటాయి. ఎన్ని పొరల వెల్ల వేసినా ఆ ఐమూల గీతలు మాత్రం దాగవు.

పని ఇలా సాగేది. గోడ మీద అడుగు, అడుగున్నర ఎడంలో టేకు దంతెలు. గది పెద్దదైతే వాటి కింద అడ్డంగా పెద్ద దూలం. ఇటుక మామూలు ఇటుక కాదు. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. ముందు దాన్ని నీళ్ళలో నానబెట్టాలి. పొడి ఇటుక సున్నంలోని తడిని పీల్చేసుకుంటుంది, పట్టు రాదు. గది మూలలో మొదలుపెట్టి దంతెలకు ఐమూలగా ఒక్కో వరస అంటిస్తూ పోతారు. కింద సెంటరింగ్ ఉండదు. ఇటుక తేలిక, సున్నం చిక్కన. ఇటుక ముందటి వరసకు అతుక్కుని నిలుస్తుంది. మూల దగ్గర వరసలు పొట్టివి, రెండు గోడల ఆసరా ఉంటుంది. ఆ గట్టి చోటునుంచి పని బయటికి నడుస్తుంది. మధ్యలో మొదలుపెడితే నిలవదు.

వారం రోజులు ఆరనిచ్చి పైన ఇటుక జల్లి, సున్నం కలిపిన కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు పరుస్తారు. ఆ తరువాతే అసలు చాకిరీ. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. చెక్క తగిలిన చోట గుర్తు పడనంత గట్టిపడ్డాకే కొట్టడం ఆపాలి. దాని మీద బల్లపరుపు పెంకులు రెండు వరసలు, కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకుండా. నీళ్ళు గొట్టం వైపు పోయేలా వాలు. అంతా కలిపి మందం ఎనిమిది తొమ్మిది అంగుళాలు తేలుతుంది. అంత మందం వేడెక్కడానికి పగలంతా పడుతుంది కాబట్టి కింద గది చల్లగా ఉంటుంది. రాత్రి ఆ వేడి దిగుతుంది, అందరూ డాబా ఎక్కి పడుకునేది కూడా అందుకే.

ఇది పాడయ్యేది వయసు మీదపడి కాదు, మరమ్మతు వల్ల. చిన్న కారుపు కనబడగానే పైన సిమెంటు పూత వేస్తారు. సున్నం ఎండకు సాగుతుంది, ముడుచుకుంటుంది, సన్న పగుళ్ళు వస్తే తడి తగిలి తనే కొంత పూడ్చుకుంటుంది కూడా. సిమెంటుకు ఆ గుణం లేదు. అది వెంట్రుకవాసి పగులుతుంది, ఆ పగుల్లోంచి నీరు దిగుతుంది, కానీ ఎండకు ఆవిరై బయటికి రాలేదు. ఇటుక జల్లి నీళ్ళు పట్టి బరువెక్కుతుంది, దంతెలకు తడి దిగుతుంది. ముందు కుళ్ళేది గోడలో ఉన్న కొస, అది కంటికి కనబడదు. అనుమానముంటే గోడకు ఆనుకున్న చోట స్క్రూడ్రైవర్ కొసతో గుచ్చి చూడాలి. మంచి టేకు దిగనివ్వదు. అరంగుళం సునాయాసంగా దిగిందంటే ఆ దంతె మార్చాల్సిందే. కింద రెండు వైపులా ఊత పెట్టి ఒక్కొక్కటే మార్చుకోవాలి. కొత్త కొసకు తారు పూసి, గోడ గుంటలో చుట్టూ వేలు పట్టేంత సందు గాలికి వదలాలి. సిమెంటుతో బిగిస్తే పదేళ్ళలో మళ్ళీ అదే కథ. టేకు ఖర్చని ఇనుప దంతెలు వేసిన ఇళ్ళ పాట్లు వేరు. సముద్రం పక్కనే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఇటుకల్ని కిందికి తోస్తుంది.

తులసింగ పెరుమాళ్ కోవిల వీధిలో సుబ్రహ్మణ్య భారతి చివరి రోజులు గడిపిన ఇల్లుంది. పదేళ్ళు పుదుచ్చేరిలో తలదాచుకుని, 1920లో మళ్ళీ స్వదేశమిత్రన్ పత్రికలో చేరాక ఇక్కడ ఉన్నారు. రోజూ పండో కాయో పెట్టే పార్థసారథి కోవెల ఏనుగు 1921లో ఆయన్ని విసిరికొట్టింది. గాయాలు మానినా ఆరోగ్యం తిరిగి కుదుటపడలేదు. ఆ సెప్టెంబరులోనే, 38 ఏళ్ళకే పోయారు. 1993లో తమిళనాడు ప్రభుత్వం ఇల్లు కొని, బాగుచేయించి భారతియార్ ఇల్లంగా తీర్చింది. స్మారకమైన ఇంట్లో గోడ నిండా ఫోటోలే, జనం చూపు గోడ దాటదు. వీధికీ ఇంటికీ, ఇంటికీ కోవెలకూ ఉన్న దూరం కాళ్ళతో కొలిస్తే ఏనుగు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. అద్దె ఇళ్ళ మనిషి, దేవుడి ఏనుగు, రెండూ ఒకే వీధి మలుపుల్లో ఉన్న పేట ఇది.

రామానుజన్ జార్జి టౌన్ నుంచి మారింది కూడా ఈ పేటకే. 1913 మేలో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల వేతనం ఇచ్చాక హనుమంతరాయన్ కోవిల వీధిలో తల్లి, భార్య జానకితో కాపురం పెట్టారు. 1914 మార్చి 17న ఇంగ్లండుకు ఓడెక్కేదాకా అక్కడే. ఇక్కడి పాత ఇళ్ళు ఎన్నో తరువాత గదులు అద్దెకిచ్చే మాన్షన్లయ్యాయి. ఉద్యోగానికి, సినిమాకు పట్నం వచ్చిన తెలుగు కుర్రాళ్ళు ఎంతమందో ఆ గదుల్లో ముగ్గురూ నలుగురూ సర్దుకుని బతికారు. వాళ్ళ పేర్లకు ఫలకాలుండవు.

మెరీనా వైపు వెళ్ళి, అమెరికా మంచుగడ్డలు దాచిన ఐస్ హౌస్ చూస్తామంటే సరే. 1897లో వివేకానందుడు అక్కడే బస చేశారు. కానీ అది మనం చూడొచ్చిన పాత ఇళ్ళ లెక్కలోకి రాదు.

నాలుగో రోజు: మైలాపూరు

పొద్దున కపాలీశ్వరుడి మాడవీధుల్లో సున్నం పూత చూడండి. పాత అరుగు స్తంభం నీడపట్టున ఉంటే అరచేత్తో తాకండి. మద్రాసు గచ్చు చల్లగా, చలవరాయిలా నునుపుగా ఉంటుంది. ఆ సున్నం సముద్రపు గుల్ల కాల్చి తీసినది. కింది పూతలో ఇసుక ఎక్కువ, పైకి పోయినకొద్దీ ఇసుక తగ్గి సున్నం పెరుగుతుంది. ఆఖరి పూతలో గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి రాతితో మెరుగు పెట్టేవారు. గోడ చెమర్చడం ఆగేదాకా తుడుస్తూ రుద్దుతూ ఉండాలి. మధ్యలో భోజనానికి లేచిపోతే మచ్చ పడుతుంది.

పూత మీద బఠాణీ గింజంత గుంటలు, ప్రతి గుంట అడుగునా తెల్లటి పలుకు కనబడితే తప్పు మేస్త్రిది కాదు, సున్నం తడిపినవాడిది. సరిగా చావని సున్నపు ముక్క గోడలోకి వెళ్ళాక తేమ పీల్చి ఉబ్బి పూతను చిమ్మేస్తుంది. సున్నాన్ని కొన్ని వారాలు నీళ్ళ కింద ఉంచి, వడగట్టి, గానుగాడించి వాడేది ఇందుకే. గోడ అడుగున రెండు మూడడుగుల మేర పూత పొడిపొడిగా రాలుతుంటే అది నేలలోంచి ఎగబాకిన ఉప్పు. దాని మీద సిమెంటు పూస్తే ఉప్పు ఇంకో రెండడుగులు పైకి ఎక్కి అక్కడ రాలుతుంది. పెరటి బావుల్ని కూడా గమనించండి. 2003లో వాననీటి సేకరణ తప్పనిసరి చేశాక డాబా గొట్టాల్ని పాత బావుల్లోకే తిప్పుకున్న ఇళ్ళు తెలివైనవి.

అక్కడినుంచి లజ్ మీదుగా రాయపేట హైరోడ్డు. 1906లో పెట్టిన మద్రాసు సంస్కృత కళాశాల ఉన్నది కూడా ఈ రోడ్డు మీదే. 126వ నంబరు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. మొన్న మనం చూసిన అన్నాపిళ్ళై వీధిలో పుట్టిన మనిషి పోయింది ఈ ఇంట్లో. మద్రాసు రాజ్యం నుంచి ఆంధ్ర రాష్ట్రం విడదీయాలని 1952 అక్టోబరు 19న శ్రీరాములు ఇక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. అంతకు ముందు ఏడాదే ఇదే కోరికతో స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి విరమించారు, కాబట్టి ఇదీ అలాగే తేలిపోతుందని అనుకున్నవాళ్ళు చాలామంది. ఉప్పు, సోడా కలిపిన నీళ్ళు, నిమ్మరసం, తేనె తప్ప మరొకటి పుచ్చుకోకుండా 58 రోజులు గడిచాయి. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. 19న నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు నగరం మాత్రం రాలేదు. దీక్ష జరిగిన ఇల్లు అలా పరాయి రాష్ట్రంలో ఉండిపోయింది.

ఇప్పుడది అమరజీవి స్మారక భవనం. తెలుగు సభలు జరుగుతుంటాయి. కట్టడం కోసమే వచ్చేవాళ్ళకు మాడవీధుల్లో దొరికినంత ఇక్కడ దొరకదు, అది చెప్పేయడం మంచిది. ఇక్కడికి రావాల్సింది చోటు కోసం. రోడ్డుకు ఇంత ఆనుకుని, బస్సుల రొద వినబడే చోట ఒక మనిషి యాభై ఎనిమిది రోజులు పడుకుని ఉన్నాడన్నది నిలబడితేనే బుర్రకెక్కుతుంది.

ఇంత చూసీ ఇంటాయన్ని మరిచిపోతారు చాలామంది. సాంబమూర్తి తూర్పుగోదావరి జిల్లా దుళ్ళలో 1886లో పుట్టారు. కాకినాడలో ప్లీడరు, ఉద్యమం కోసం ప్రాక్టీసు వదిలేశారు. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభ ఏర్పాట్లలో ముందు నిలిచారు. 1937 నుంచి 1942 దాకా మద్రాసు శాసనసభ స్పీకరు. అంత పదవి చేసినవాడి ఇల్లు కదా అని మేడను ఊహించుకుని రాకండి. దీక్షకు ఇల్లు ఇవ్వడమంటే రెండు నెలలపాటు పోలీసులు, పత్రికలవాళ్ళు, డాక్టర్లు, వచ్చేపోయే జనం, చివరికి శవం. అరవై ఆరేళ్ళ వయసులో ఆయన ఆ బరువు తలకెత్తుకున్నారు. 1958లో పోయారు.